మబ్బుకు తోడు పెట్టగలమా?

2025 అక్టోబరు నెలాఖరున ఒక రాత్రి మా ఇంట్లో అందరం భోజనాలకు కూర్చున్నాం. టెలివిజన్‌లో వార్తలు వస్తున్నాయి. ఢిల్లీ నగరాన్ని పొగ కమ్మేసిందనీ, దాన్ని కడిగివేయడానికి కాన్పూరు నుంచి విమానం బయలుదేరి మబ్బుల్లో మందు చల్లిందనీ, ఇక వాన పడడమే తరువాయి అనీ చెబుతున్నారు. మా మనుమడు ఎనిమిదేళ్లవాడు. చేతిలో ముద్ద చేతిలోనే వుంచుకుని, "తాతా! విమానం వెడితే వాన వస్తుందా?" అని అడిగాడు.

నేను వస్తుందనీ అనలేదు, రాదనీ అనలేదు. పందొమ్మిదేళ్ల కిందట ఇదే ప్రశ్నకు క్షణమైనా ఆలోచించకుండా "వస్తుంది" అని జవాబు చెప్పినవాణ్ణి నేను. ఆ జవాబుకు ఖరీదు చెల్లించినవాడు మా మేనమామ.

మా మామది అనంతపురం జిల్లాలో ఒక చిన్న పల్లె. ఆరెకరాల మెట్ట. శెనక్కాయ తప్ప మరో పంట ఎరగని నేల. ఆ జిల్లాలో ఏడాది పొడుగునా పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర, అంటే ఇరవై రెండు అంగుళాలకు కాస్త తక్కువ. నైరుతి మబ్బులను పడమటి కనుమలు అవతలి వైపే పిండేసుకుంటే, మా వైపుకు పిప్పి మిగులుతుందన్నమాట.

2006వ సంవత్సరం ఆగస్టు నెల. విత్తనం పడింది, మొలిచింది, పూత పట్టింది. తీరా ఊడలు దిగవలసిన వేళకు వాన మొహం చాటేసింది. ఊళ్లో చేయవలసినవన్నీ చేశారు. ఆడపిల్లలు రోకలికి వేపమండలూ కప్పనూ కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకున్నారు. రామాలయంలో విరాటపర్వం చదివించారు. ఆకాశంలో మబ్బు మాత్రం దూదిపింజెల మాదిరి వచ్చి, అట్లాగే పోయేది.

పక్క చేనులో ఒకాయనకు బోరు వుంది. "రెండు తడులు ఇస్తాను, డబ్బు ముందు పెట్టు" అన్నాడట మామతో. మామ బస్సెక్కి అనంతపురంలో మా ఇంటికి వచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉద్యోగం చేస్తున్నాను.

"ఏమబ్బీ, అప్పు చేసి నీళ్లు కొనమంటావా? మేఘమథనమని ఇమానం వస్తాదంటున్నారు. దాన్ని నమ్ముకుందామా? సదువుకున్నోడివి, నువ్వే సెప్పు" అన్నాడు.

ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరువు జిల్లాల మీద మేఘమథనం చేయిస్తూండేది. నేను పత్రికలో ఆ వార్త చదివి వున్నాను. వార్త చదవడమూ, విషయం తెలియడమూ ఒకటే అనుకునే వయస్సు కాదు నాది. అయినా అనేశాను: "అప్పు చెయ్యకు మామా. విమానం వస్తుంది, వాన పడుతుంది. సైన్సు!"

విమానం వచ్చింది. ఊరంతా మిద్దెలెక్కి చూసింది. పలచని మబ్బు చుట్టూ నాలుగు ప్రదక్షిణాలు చేసి వెళ్లిపోయింది. మూడోనాడు నాలుగు మైళ్ల అవతల వున్న ఊళ్లో ఒక జల్లు పడింది. మా మామ చేలో ఒక్క చుక్క రాలలేదు. ఈ లోగా బోరు నీళ్లు మరొకరు కొనుక్కున్నారు. ఆ ఏడు మామ చెట్లు పీకి పశువులకు మేతగా వేసుకున్నాడు.

నేను ఊరికి వెళ్లినప్పుడు మామ నన్ను ఒక్క మాట అనలేదు. అత్త మాత్రం రాత్రి పాలు తోడుపెడుతూ, "తోడేస్తే పెరుగవుతాది, నిజమే నాయనా. గిన్నెలో పాలుండాయో లేదో సూసుకోవద్దా?" అన్నది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అన్నది. ఆ మాట మనస్సులో ముల్లులా వుండిపోయి, దొరికిన పుస్తకమల్లా చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ అత్త ఒక్క వాక్యంలో ఎంత శాస్త్రం చెప్పిందో తెలిసి వచ్చింది.

మబ్బు పడితే వాన ఎందుకు పడదు?

మబ్బు అంటే ఆవిరి కాదు. ఆవిరి కంటికి కనపడదు. చల్లబడిన ఆవిరి గాలిలోని సన్నని ధూళి, ఉప్పు రేణువులను పట్టుకుని అతి చిన్న నీటి బిందువులుగా మారితే, ఆ బిందువుల గుంపే మబ్బు. ఒక్కొక్క బిందువు సుమారు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అంత తేలికైన బిందువు కిందికి పడాలన్నా పడలేదు. కింది నుంచి వచ్చే గాలి దాన్ని పైనే నిలబెడుతుంది. ఒకవేళ జారినా, దారిలోనే ఆరిపోతుంది. మన నెత్తి మీద టపామని పడే వానచినుకు రెండు మిల్లీమీటర్లు వుందనుకుంటే, అది తయారు కావడానికి అటువంటి బిందువులు సుమారు పది లక్షలు ఒకటి కావాలి.

పది లక్షల మంది ఒక మాట మీదికి రావడం మన ఊళ్లలోనే కాదు, మబ్బుల్లోనూ కష్టమే. వాళ్లను కలిపే పద్ధతులు ప్రకృతికి రెండున్నాయి.

మొదటిది మంచు పద్ధతి. సున్నా డిగ్రీల దగ్గర నీరు గడ్డకడుతుందని బడిలో చదువుకున్నాం. కాని ఎత్తయిన మబ్బుల్లోని సన్న బిందువులు సున్నాకు కింద పది, ఇరవై డిగ్రీల చలిలో కూడా గడ్డకట్టకుండా నీరుగానే వుండిపోతాయి. గడ్డకట్టడానికి వాటికొక ఆనవాలు కావాలి. అటువంటి బిందువుల మధ్య ఒక్క మంచు పలుకు పుట్టిందంటే, చుట్టూ వున్న ఆవిరినంతా అది లాక్కుంటుంది; నీటి బిందువులు తరుగుతాయి, పలుకు పెరుగుతుంది. బరువెక్కి కిందికి దిగుతూ, వెచ్చని గాలిలో కరిగి చినుకవుతుంది. ఈ సంగతి 1930ల దశకంలో స్వీడనుకు చెందిన బెర్జెరాన్, జర్మనీకి చెందిన ఫిండైసన్ విడమరచి చెప్పారు.

రెండవది ఢీకొనే పద్ధతి. మబ్బు వెచ్చనిదైతే మంచు ప్రసక్తి లేదు. కాస్త పెద్ద బిందువు కిందికి జారుతూ దారిలో చిన్నవాటిని కలుపుకుంటూ, పెళ్లివారి బండి మాదిరి నిండుతూ దిగుతుంది. ఇందుకు ముందుగా కొన్ని పెద్ద బిందువులంటూ వుండాలి.

మనిషి చేయగలిగిందల్లా ఈ రెండింటిలో దేనికి కొరత వుందో చూసి అది అందించడమే.

ఐసు పెట్టెలో పుట్టిన విద్య

మొదట అందించినవాడు విన్సెంట్ షేఫర్. అమెరికాలో షెనెక్టడీ పట్టణంలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో పనివాడుగా చేరి, రసాయనంలో నోబెల్ బహుమతి పొందిన లాంగ్‌మ్యూర్‌కు సహాయకుడైనవాడు. హైస్కూలు చదువు కూడా పూర్తి చేయలేదు. 1946లో ఆయన ఒక ఐసు పెట్టెకు లోపల నల్లని మఖమలు గుడ్డ అతికించి, అందులోకి నోటితో ఊపిరి వదిలేవాడు. ఊపిరిలోని తేమ పెట్టెలో చిన్న మబ్బయ్యేది. అందులో ఆ పొడీ ఈ పొడీ చల్లి చూశాడు. ఏదీ పనిచేయలేదు.

జూలైలో ఒకనాడు ఎండ మండిపోతున్నది. పెట్టెలో చల్లదనం చాలలేదు. త్వరగా చల్లబడుతుందని గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు, అంటే డ్రై ఐస్ ముక్క ఒకటి అందులో పెట్టాడు. ఒక్క క్షణంలో పెట్టెలోని మబ్బంతా మెరిసే మంచు పలుకులై తళతళలాడిపోయింది! వెతికిన తీగ అనుకోకుండా కాలికి తగిలింది.

ఆ సంవత్సరమే నవంబరు 13న షేఫర్ చిన్న విమానం ఎక్కి, మసాచుసెట్స్ కొండల మీది ఒక మబ్బులో డ్రై ఐస్ చల్లాడు. మబ్బు అడుగు నుంచి మంచు తెరలు తెరలుగా జారింది. అయితే ఒక చిక్కు. ఆ మంచు నేలకు చేరకముందే, కింద వున్న పొడిగాలిలో ఆరిపోయింది. ఈ విద్యకు వున్న శక్తీ, హద్దూ రెండూ మొదటి రోజునే బయటపడ్డాయన్నమాట. లోకం మాత్రం శక్తినే చూసింది, హద్దును చూడలేదు. అరవై ఏళ్ల తరవాత నేనూ అంతే చేశాను.

మర్నాడే అదే ప్రయోగశాలలో బెర్నార్డ్ వానెగట్ మరొకటి కనిపెట్టాడు. మంచు పలుకు అమరికను పోలిన అమరిక మరే పదార్థంలో వుందా అని పట్టికలు వెతికితే, వెండి ఉప్పు ఒకటి, సిల్వర్ అయొడైడ్, దొరికింది. దాని పొగ తగిలితే చలిమబ్బులోని నీరు మంచే అనుకుని దాని మీద గడ్డకడుతుంది. మా అత్త చెప్పిన తోడు ఇదే. గరిటెడు మజ్జిగ బానెడు పాలను పెరుగు చేసినట్టు, కొద్ది గ్రాముల పొగ పెద్ద మబ్బును కదిలించవచ్చు. కాని అత్తకు తెలిసిన మరో సంగతి కూడా ఇక్కడ వర్తిస్తుంది. పాలు గోరువెచ్చగా వుంటేనే తోడు పనిచేస్తుంది. మరిగే పాలలో వేస్తే విరుగుతాయి, చల్లటి పాలలో వేస్తే అట్లాగే వుంటాయి. మబ్బుకూ అంతే. సిల్వర్ అయొడైడ్ పనిచేయాలంటే మబ్బులో సున్నాకు కింద అయిదారు డిగ్రీలైనా చలి వుండాలి, అందులో గడ్డకట్టని నీరు వుండాలి.

మన మబ్బులకు ఉప్పు

మనది ఉష్ణదేశం. మన వానమబ్బుల్లో చాలా వాటి కింది భాగం వెచ్చగా వుంటుంది. అక్కడ మంచు తోడు పనికిరాదు, ఉప్పు కావాలి. వానాకాలంలో మీ ఇంట్లో ఉప్పుజాడీ చూడండి, దానంతట అదే చెమరుస్తుంది. ఉప్పుకు తేమను పీల్చుకునే గుణం వుంది. సన్నని ఉప్పుపొడి మబ్బు అడుగున వదిలితే, పైకి లేచే గాలితో లోపలికి పోయి, చుట్టూ తేమను చేర్చుకుని పెద్ద బిందువులవుతుంది. ఆ పెద్ద బిందువులు చిన్నవాటిని కలుపుకుంటాయి.

మన దేశంలో ఈ పని నిన్న మొన్న మొదలైంది కాదు. 1950ల దశకంలోనే ఢిల్లీలో వాన, మబ్బుల పరిశోధనకు ప్రత్యేకంగా ఒక విభాగం ఏర్పడింది. 1957 నుంచి సుమారు పదేళ్లు ఢిల్లీ, ఆగ్రా, జయపురాలలో నేల మీది నుంచే ఉప్పు నీరు, ఉప్పుపొడి గాలిలోకి చిమ్మి చూశారు. రమణమూర్తి, బిశ్వాస్ అనే శాస్త్రజ్ఞులు 1968లో ఆ ఫలితాలను లోకం ముందు పెట్టారు. నూటికి ఇరవై వంతుల దాకా వాన పెరిగినట్టు లెక్కకు వచ్చింది. ఆ తరవాత 1973 మొదలు 1986 దాకా, మధ్యలో కొన్ని ఏళ్లు తప్పించి, పుణె సంస్థవారు మహారాష్ట్రలో బారామతి దగ్గర విమానంతో ఉప్పు చల్లారు. పదకొండు వానాకాలాల లెక్కలో 24 శాతం పెరుగుదల కనిపించింది.

పడ్డ వాన ఎవరిది?

ఇక్కడే అసలు పేచీ. చల్లారు, వాన పడింది. చల్లకపోయినా పడేదేమో? ఎవరు చెప్పగలరు?

అమెరికాలో హాట్‌ఫీల్డ్ అనే కుట్టుమిషన్ల వ్యాపారి వుండేవాడు. రహస్యపు మందులు తొట్లలో ఆవిరి పట్టించి వాన తెప్పిస్తానని ఊరూరా బేరాలాడేవాడు. 1915 డిసెంబరులో శాన్‌డియాగో నగరంవారు, జలాశయం నింపితే పదివేల డాలర్లు ఇస్తామని ఒప్పుకున్నారు. హాట్‌ఫీల్డ్ తొట్లు పెట్టాడు. వాన కుంభవృష్టిగా కురిసి, ఒక ఆనకట్ట తెగి, ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆయన డబ్బు ఇమ్మని వచ్చాడు. "ఆ వాన నీదే అయితే వరద నష్టం కూడా నీదే, కట్టు" అన్నారు నగరంవారు. చివరకు న్యాయస్థానంలో ఆ వాన దేవుడిదని తేలి, హాట్‌ఫీల్డ్ చేతికి దమ్మిడీ రాలేదు. ఆయన మందుకూ ఆ వానకూ సంబంధం లేదని ఇవాళ మనకు తెలుసు. కాని ఆ రోజు ఆ ఊళ్లో వుండి వుంటే నేను తప్పక నమ్మి వుందును.

అందుకని శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చేశారు. ఒకే రకం మబ్బులను ఏరి, చీటీ వేసినట్టు కొన్నిటికి మందు చల్లి, కొన్నిటిని వదిలేసి, రెండు గుంపులనూ పోల్చడం. మన పుణె సంస్థవారు 2018, 2019 వానాకాలాల్లో షోలాపూరు దగ్గర ఇదే చేశారు. షోలాపూరు కూడా మా అనంతపురం లాగే పడమటి కనుమల చాటున ఎండే నేల. 276 మబ్బులను తీసుకున్నారు. ఫలితం 2023లో ప్రకటించారు. కొన్ని చోట్ల 46 శాతం దాకా వాన పెరిగింది. వంద చదరపు కిలోమీటర్ల మేర మొత్తం మీద చూస్తే పెరిగింది 18 శాతం. ఆ నీటికైన ఖర్చు లీటరుకు 18 పైసలు.

పద్దెనిమిది పైసలంటే కారుచౌక అనిపిస్తుంది కదూ? నేను కాగితం, పెన్సిలు తీసుకుని మా మామ చేనుకు లెక్క కట్టాను. ఎకరం మీద ఒక్క అంగుళం వాన పడితే లక్షా మూడు వేల లీటర్లు. ఆ ధరకు ఎకరానికి సుమారు పద్దెనిమిది వేల అయిదు వందల రూపాయలు. ఆరెకరాలకు ఒక్క తడి లక్షా పదకొండు వేలు! తాగునీటి చెరువుకు చేరితే గిట్టుబాటు కావచ్చు. శెనక్కాయకు కాదు.

ఇతర దేశాల అనుభవం కూడా ఒక్క తీరుగా లేదు. అమెరికాలో ఐడహో కొండల మీద 2017 జనవరిలో విమానం వంకర టింకరగా తిరుగుతూ సిల్వర్ అయొడైడ్ వదిలితే, రాడారులో సరిగ్గా అదే వంకర గీతల్లో మంచు కనిపించింది. మందు పనిచేస్తుందనడానికి అంతకంటె మంచి సాక్ష్యం లేదు. ఇజ్రాయెల్‌లో 2013 నుంచి 2020 దాకా జాగ్రత్తగా పరీక్షిస్తే తేలిన పెరుగుదల రెండు శాతం కూడా లేదు. అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి వీలు లేక, వాళ్లు ఆ పని మానుకున్నారు. మబ్బును బట్టి, కొండను బట్టి, కాలాన్ని బట్టి ఫలితం మారుతుంది.

పొరుగూరి మబ్బు

మా మామ ఊళ్లో 2006లో జరిగిన తగాదా మీకు చెప్పలేదు. "మా మీద చల్లిన మందుతో మీరు వాన కురిపించుకున్నారు" అని పొరుగూరివాళ్లతో సంతలో మాటా మాటా పెరిగింది. నవ్వుకోకండి. ఈ తగాదాకు వయస్సు డెబ్భై ఏళ్లు పైబడింది. 1947 అక్టోబరులో అమెరికావారు సముద్రం మీది ఒక తుఫానులో డ్రై ఐస్ చల్లితే, అది మళ్లి జార్జియా తీరం మీద విరుచుకుపడింది. జనం కోర్టుకెక్కుతామన్నారు. మందు పడకముందే తుఫాను మలుపు తిరగడం మొదలైందని తరవాతి పరిశీలనలో తేలింది. వియత్నాం యుద్ధంలో 1967 నుంచి 1972 దాకా శత్రువు దారులు బురదమయం చేయడానికి అమెరికా సైన్యం మబ్బుల్లో మందు చల్లింది. ఆ సంగతి బయటపడ్డాక, వాతావరణాన్ని ఆయుధంగా వాడరాదని పలు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. అది 1978లో అమలులోకి వచ్చింది.

2024 ఏప్రిల్‌లో దుబాయి మునిగినప్పుడు కూడా మేఘమథనమే కారణమన్న పుకారు పుట్టింది. మనవాళ్ల పిల్లలు ఎందరో అక్కడ వున్నారు కనుక ఆ పుకారు మన ఇళ్లకూ చేరింది. నిజానికి ఆ వాన ఒక పెద్ద వాయుగుండం తెచ్చింది. ఆ తుఫాను వేళ మందు చల్లలేదని అక్కడి వాతావరణ శాఖ చెప్పింది. అంతంత వాన పుట్టించే శక్తి ఏ మందుకూ లేదు. వుంటే మా మామ చేను ఎండి వుండేది కాదు.

ఇక ఢిల్లీ సంగతి. ఆ రోజు, అంటే 2025 అక్టోబరు 28న, అక్కడి మబ్బుల్లో తేమ చాలా తక్కువగా వుంది. చెప్పుకోదగ్గ వాన పడలేదు. గిన్నెలో పాలు లేవన్నమాట.

మర్నాడు నేను మామకు ఫోను చేశాను. ఆయనకిప్పుడు ఎనభై దాటింది; చెవి కాస్త మందం గాని, బుద్ధి మందం కాదు. షోలాపూరు లెక్క చెప్పాను. మందు మబ్బును పుట్టించదనీ, వున్న మబ్బు చేత నాలుగు చినుకులు ఎక్కువ రాల్పించగలదనీ, అందుచేత కరువు ముదిరాక విమానం కోసం పరుగెత్తడం దండగనీ, మబ్బులు బాగా ఆడే నెలల్లో చల్లి ఆ నీటిని చెరువుల్లో దాచుకుంటేనే ఏమైనా లాభమనీ అరిచి అరిచి చెప్పాను.

అంతా విని, "నూటికి పద్దెనిమిదా?" అన్నాడు. "వడ్డీ బాగానే వుంది అబ్బీ. అసలంటూ వుండాల గదా!"

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. "ఆనాడు నీకు ఈ మాట చెప్పవలసింది మామా" అన్నాను ఆఖరుకు.

"నీకూ అప్పుడు తెలీదు గదా" అన్నాడు. "ఇప్పుడు తెలిసింది గదా, అడిగినోళ్లకు సెప్పు."

మనుమణ్ణి పిలిచి కూర్చోబెట్టుకున్నాను. ఆ రాత్రి మిగిలిపోయిన జవాబు చెప్పాను. "విమానం వెడితే వాన రాదు నాయనా. వాన రాబోతూండగా విమానం వెడితే, కాస్త ఎక్కువ రావచ్చు." వాడు కొంచెం ఆలోచించి, "అయితే వాన రాబోతున్నదని ముందు ఎవరు చూడాలి?" అని అడిగాడు.

నేను 2006లో అడగవలసిన ప్రశ్న అదే.